పిల్లలకి లూజ్ మోషన్స్ అయినప్పుడు ప్రోబయోటిక్ ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏది, ఎంత, ఎన్ని రోజులు

పిల్లాడికి పొద్దున్నించి నాలుగైదు సార్లు నీళ్లలాగా మోషన్ అయింది అనగానే చాలా ఇళ్లలో జరిగేది ఏంటంటే ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్లి ప్రోబయోటిక్ (పొట్టకి మేలు చేస్తాయనే బతికున్న సూక్ష్మజీవులు) సాచెట్లో, చిన్న ప్లాస్టిక్ వయల్సో తెచ్చేస్తారు, అది తాగించేసి హమ్మయ్య మందు పడింది అనుకుంటారు. ఓఆర్‌ఎస్ మాత్రం పిల్లాడు రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకున్నాక అలా గ్లాసులోనే ఉండిపోతుంది. అసలు సమస్యంతా అక్కడే ఉంది. ప్రోబయోటిక్ చెడ్డదని కాదు, పనికిరాదని కూడా నేను అనట్లేదు, కాకపోతే దాని స్థానం మూడో నాలుగో వరసలో, మొదటి వరసలో కాదు. ఏ వరసలో ఏం చేయాలి, ప్రోబయోటిక్ ఇవ్వాలనుకుంటే డబ్బా మీద ఏం చదవాలి, ఎలా కలపాలి, ఎవరికి అస్సలు ఇవ్వకూడదు, అన్నీ వరసగా చెప్తా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఇప్పుడు పిల్లాడికి మోషన్స్ అవుతూ ఉంటే ముందు రెండో స్టెప్, మూడో స్టెప్ చదివేసి మిగతావి తర్వాత తీరిగ్గా చదువుకోండి.

స్టెప్ 1: ఇది నిజంగా విరేచనాలేనా?

డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం 24 గంటల్లో 3 సార్లు లేదా అంతకన్నా ఎక్కువగా పల్చగా, నీళ్లగా అయితే అది డయేరియా. గట్టిగానే అవుతూ ఎక్కువసార్లు వెళ్తే అది డయేరియా కాదు. తల్లిపాలు మాత్రమే తాగే పసిపిల్లలకి రోజుకి ఏడెనిమిది సార్లు పచ్చగా, ముద్దగా, పల్చగా అవడం మామూలే, పాపాయి హుషారుగా ఉండి, పాలు బాగా తాగి, బరువు పెరుగుతుంటే దానికి ఏ సాచెట్టూ అక్కర్లేదు. ఆ బిడ్డకి ఎప్పుడూ అయ్యేదానికి ఇప్పుడు అయ్యేదానికి తేడా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

14 రోజుల లోపు తగ్గేదాన్ని అక్యూట్ అంటారు, ఈ గైడ్ అంతా దాని గురించే. 14 రోజులు దాటితే అది వేరే కథ, ప్రోబయోటిక్స్ మార్చి మార్చి ఇస్తూ కూర్చునేది కాదు. మోషన్‌లో రక్తం కనిపిస్తే అది కూడా వేరే దారి, దానికి డాక్టరే చూడాలి, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

స్టెప్ 2: డబ్బా తెరిచే ముందు పిల్లాడిని చూడండి

మోషన్స్ వల్ల పిల్లలకి వచ్చే ప్రమాదం దాదాపు అంతా ఒంట్లో నీళ్లు, ఉప్పు పోవడం వల్లే. అందుకని ఎన్నిసార్లు వెళ్లాడు అన్నదానికన్నా ఇప్పుడు ఎలా ఉన్నాడు అన్నది ముఖ్యం. కళ్లు లోపలికి పోయినట్టున్నాయా, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా, నోరు నాలుక తడిగా ఉన్నాయా, ఆఖరిసారి ఉచ్చ ఎప్పుడు పోశాడు. డైపర్ వేసే పిల్లలకి ఇది కనుక్కోవడం కొంచెం కష్టం, నీళ్ల మోషన్‌లో ఉచ్చ కలిసిపోతుంది కాబట్టి, అలాంటప్పుడు డైపర్ తీసేసి ఒక పాత మెత్తటి బట్ట మీద కాసేపు పడుకోబెడితే తెలిసిపోతుంది.

ఇంకో పరీక్ష ఉంది, డాక్టర్లు రోజూ చేసేదే. బొడ్డుకీ పొట్ట పక్క అంచుకీ మధ్యలో చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో మడతలాగా పట్టుకుని, ఒక సెకను ఆగి వదిలేయండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. నెమ్మదిగా వెళ్తే కొంత డీహైడ్రేషన్ ఉన్నట్టు. రెండు సెకన్లు దాటినా మడత అలాగే నిలబడి ఉంటే అది సీరియస్, వెంటనే ఆసుపత్రి. మరీ లావుగా ఉన్న పిల్లల్లో, మరీ సన్నగా ఉన్న పిల్లల్లో ఈ పరీక్ష మోసం చేస్తుంది కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ గైడ్ పక్కన పెట్టేసి బయల్దేరండి: మగతగా ఉండటం, లేపితే లేవకపోవడం, తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఆరేడు గంటలుగా ఉచ్చ లేకపోవడం, మోషన్‌లో రక్తం, ఆకుపచ్చ రంగు వాంతులు, పొట్ట ఉబ్బిపోవడం, ఫిట్స్, మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం. అలాగే పిల్లాడు కాసేపు కాళ్లు ముడుచుకుని కెవ్వుమని ఏడ్చి, కాసేపు పాలిపోయి నీరసంగా పడుకుని, మళ్లీ కెవ్వుమంటుంటే అది పేగు పేగులోకి దూరడం కూడా కావచ్చు, అది సర్జన్ దాకా వెళ్లే విషయం, దాన్ని మోషన్స్ అనుకుని ఇంట్లో ఉంచేయకండి. ఆరు నెలల లోపు పిల్లలైతే పెద్ద లక్షణాలేవీ లేకపోయినా డాక్టర్‌కి చూపించడమే నయం, వాళ్లు చాలా తొందరగా నీరసపడతారు.

స్టెప్ 3: ఓఆర్‌ఎస్, తిండి, జింక్. వీటి తర్వాతే మిగతావన్నీ

ఓఆర్‌ఎస్ మోషన్స్‌ని ఆపదు. ఇది ముందే మనసులో పెట్టుకోండి, లేకపోతే రెండు గంటల తర్వాత "ఓఆర్‌ఎస్ ఇచ్చినా తగ్గలేదు" అని మానేస్తారు. అది పోయిన నీళ్లని, ఉప్పుని తిరిగి నింపుతుంది, అంతే, ప్రాణం నిలబెట్టేది మాత్రం ఆ అంతే. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ రెండూ కలిసి లోపలికి వెళ్లే దారి ఒకటుంది, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది, ఆ రెండింటి వెనకాలే నీళ్లు కూడా లోపలికి వెళ్తాయి. అందుకే ఉప్పు, గ్లూకోజ్ కొలత తప్పకూడదు. ఇప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే ఫార్ములాలో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ప్యాకెట్ మీద ఈ అంకెలు ఉన్నాయో లేదో చూడండి. పేరు అలాగే వినిపించే తియ్యటి డ్రింకులు, జ్యూసులు, కూల్ డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు, వాటిలో చక్కెర ఎక్కువై పేగులోకి ఇంకా నీళ్లు లాగి మోషన్స్ పెంచుతాయి.

ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ సగం గ్లాసు లెక్కలు వద్దు, పొడి సమానంగా కలిసి ఉండదు. కాచి చల్లార్చిన నీళ్లైతే మంచిది. కలిపింది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. ప్యాకెట్ దొరికే పరిస్థితి అస్సలు లేకపోతే లీటరు నీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, స్పూన్లు తలకొట్టి కొలిచి వేయాలి, ఉప్పు ఒక్క పిసరు కూడా ఎక్కువ కాకూడదు.

ఎంత ఇవ్వాలంటే, డీహైడ్రేషన్ లేకపోతే ప్రతి మోషన్ తర్వాత రెండేళ్ల లోపు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వాళ్లకి 100 నుంచి 200. కొంత డీహైడ్రేషన్ కనిపిస్తుంటే డాక్టర్ కళ్ల ముందు 4 గంటల్లో కిలోకి 75 మిల్లీలీటర్లు, అంటే పది కిలోల పిల్లాడికి 750. గ్లాసుతో ఇస్తే కక్కేస్తాడు, అందుకే స్పూన్. 5 మిల్లీలీటర్ల స్పూన్ రెండు నిమిషాలకొకసారి ఇస్తే గంటకి 150 మిల్లీలీటర్లు లోపలికి వెళ్తాయి, నిమిషానికొకటి ఇస్తే 300. చేతులు నొప్పెడతాయి, విసుగొస్తుంది, ఇంట్లో ఇద్దరు ముగ్గురుంటే వంతులు వేసుకోండి. వాంతి చేసుకుంటే ఒక పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఇంకొంచెం నెమ్మదిగా. సూది లేని సిరంజితో బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వదిలితే మొండికేసే పిల్లలు కూడా మింగుతారు.

తిండి విషయం: ఆపొద్దు. తల్లిపాలు ఆపొద్దు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. డబ్బాపాలు తాగేవాళ్లకి ఎప్పటిలాగే కలపండి, పల్చన చేయొద్దు. పెద్ద పిల్లలకి ఇంట్లో ఎప్పుడూ పెట్టే తిండే, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు. పొట్టకి రెస్ట్ ఇద్దాం అని పస్తు పెడితే పేగు కోలుకోవడమే ఆలస్యం అవుతుంది.

జింక్ గురించి: 2004లో డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన డోసు ఆరు నెలల లోపు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20, రోజుకొకసారి 10 నుంచి 14 రోజులు. తర్వాత 2020లో ఇండియా, టాంజానియాల్లో 4500 మంది పిల్లల మీద చేసిన ట్రయల్‌లో 5, 10 మిల్లీగ్రాముల తక్కువ డోసులు కూడా అంతే పనిచేశాయి, వాంతులు మాత్రం తక్కువగా వచ్చాయి. అందుకని డాక్టర్ తక్కువ డోసు రాస్తే కంగారు పడకండి. జింక్ లోపం ఎక్కువగా ఉండే చోట్ల పిల్లలకి దీనివల్ల లాభం బాగా కనిపిస్తుంది, ఆ లోపం అరుదుగా ఉండే చోట అంతగా కనిపించదు.

మోషన్స్ ఆపే మాత్రలు, లోపెరమైడ్ లాంటివి, చిన్నపిల్లలకి ఇవ్వకూడదు, పేగు కదలిక ఆగి లోపలే నిలిచిపోతే ప్రమాదం. యాంటీబయోటిక్ కూడా డాక్టర్ చెప్తే తప్ప వద్దు, ఎక్కువ కేసులు వైరస్ వల్లే కాబట్టి దానికి అది చేసేదేమీ లేదు, పైగా అదే కొత్తగా మోషన్స్ తెప్పిస్తుంది.

ఇదంతా జరుగుతూ ఉందా? అయితే ఇప్పుడు ప్రోబయోటిక్ సంగతి మాట్లాడుకుందాం.

స్టెప్ 4: ఇది అసలు ఎంత పనిచేస్తుందో తెలుసుకుని నిర్ణయించుకోండి

ప్రోబయోటిక్ అంటే సరిపడా మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు అని 2001లో డబ్ల్యూహెచ్‌ఓ, ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) నిపుణులు చెప్పారు. బతికున్నవి, సరిపడా మోతాదు, మేలు జరుగుతుందని నిరూపణ. చాలా ప్రోడక్టులు ఈ మూడింటిలో ఏదో ఒక దగ్గర తప్పుతాయి.

పనిచేసే తీరు గురించి చెప్పుకునేవి ఏంటంటే, చెడ్డ క్రిములు పేగు గోడకి అతుక్కోకుండా జాగా ఆక్రమించడం, ఆమ్లాలు తయారుచేయడం, పేగు గోడ కణాల మధ్య అతుకులు గట్టిపడేలా చేయడం, రోగనిరోధక వ్యవస్థని కొంచెం తట్టి లేపడం. ల్యాబ్‌లో ఇవి చాలావరకు కనిపిస్తాయి కూడా. పిల్లాడి పొట్టలో ఎంత తేడా వస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

దీనికి సమాధానం పదేళ్లలో మారిపోయింది. 2010లో కోక్రేన్ వాళ్లు (వైద్య స్టడీలన్నీ కలిపి తూకం వేసే సంస్థ) 63 స్టడీలు, 8014 మంది రోగుల లెక్కలు కలిపి చూస్తే ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లకి సుమారు 25 గంటల ముందే తగ్గినట్టు కనిపించింది. ఒక రోజు తగ్గడం చిన్న విషయం కాదు, అందరూ రాయడం మొదలుపెట్టారు. తర్వాత 2018లో రెండు పెద్ద ట్రయల్స్ ఒకేసారి వచ్చాయి. అమెరికాలో 971 మంది పిల్లలకి ల్యాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ ఇచ్చి చూశారు, ఐదు రోజులు, రోజుకి రెండుసార్లు. తీరా చూస్తే మధ్యస్థం నుంచి తీవ్రంగా ముదిరినవాళ్లు ప్రోబయోటిక్ గ్రూపులో 11.8 శాతం, డమ్మీ పొడి గ్రూపులో 12.6 శాతం. మోషన్స్ ఆగడానికి పట్టిన టైం 49.7 గంటలు, 50.9 గంటలు. అంటే తేడా ఒక గంట. కెనడాలో 886 మందికి వేరే రెండు రకాల మిశ్రమం ఇచ్చారు, అక్కడా 26.1 శాతం, 24.7 శాతం, ఏమీ తేడా లేదు. 2020లో కోక్రేన్ మళ్లీ 82 స్టడీలు, 12,127 మందితో లెక్క వేసి, బాగా జాగ్రత్తగా చేసిన స్టడీలు మాత్రమే తీసుకుంటే 48 గంటలు దాటి కొనసాగే మోషన్స్‌లో ప్రోబయోటిక్ వల్ల తేడా బహుశా ఏమీ ఉండదు అని తేల్చారు.

మరి ఇన్నాళ్లూ మా పిల్లలకి తగ్గింది కదా అంటారా. తగ్గింది, ఎందుకంటే అది ఎలాగూ తగ్గేది. రోటావైరస్ లాంటివి పేగులో నీళ్లు పీల్చుకునే కణాలని పాడుచేస్తాయి, పేగు ఆ కణాలని కొన్ని రోజుల్లోనే కొత్తవాటితో మార్చేసుకుంటుంది. వాంతులు ఒకటి రెండు రోజులు, మోషన్స్ ఎక్కువమందికి ఐదు నుంచి ఏడు రోజులు, ఆ తర్వాత సర్దుకుంటుంది. మనం పిల్లాడు బాగా నీరసపడిన రోజునే మందు మొదలుపెడతాం కాబట్టి మూడో రోజు ఇచ్చిన ఏ పొడి అయినా నాలుగో రోజుకి హీరో అయిపోతుంది, సాచెట్‌లో ఏమీ లేకపోయినా సరే.

పెద్ద సంస్థలు కూడా దీని మీద ఒక్క మాట మీద లేవు. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ 2020లో, అమెరికా, కెనడా పిల్లలకి ఈ జబ్బులో ప్రోబయోటిక్ వద్దనే వైపు మొగ్గింది. యూరప్ పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘం ఎస్పగాన్ మాత్రం 2023లో, కొన్ని నిర్దిష్టమైన రకాలు ఇవ్వొచ్చు అని చెప్పింది, ఆధారాలు బలహీనంగానే ఉన్నాయని తనే ఒప్పుకుంటూ. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే మామూలు చికిత్సలో ఓఆర్‌ఎస్, జింక్, తిండి ఉంటాయి, ప్రోబయోటిక్ లేదు.

నా మాట అడిగితే, చేతిలో డబ్బులు ఓఆర్‌ఎస్‌కి, జింక్‌కి, డాక్టర్ ఫీజుకి సరిపోయి ఇంకా మిగిలితే, పిల్లాడు మామూలుగా ఆరోగ్యంగా ఉండేవాడైతే, సరైన రకం దొరికితే, ఇవ్వొచ్చు, నష్టం పెద్దగా ఉండదు. డాక్టర్ రాయకపోతే "మంచి డాక్టర్ కాదు" అని మాత్రం అనుకోకండి.

స్టెప్ 5: డబ్బా వెనక్కి తిప్పి స్ట్రెయిన్ చదవండి

అసలు పని ఇక్కడే ఉంది. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరు, నవ్వుతున్న పాప బొమ్మ పక్కన పెట్టండి. వెనకాల సన్న అక్షరాల్లో మూడు పేర్లు ఉండాలి: జాతి, రకం, స్ట్రెయిన్. ల్యాక్టోబాసిల్లస్ జాతి, రామ్నోసస్ రకం, జీజీ స్ట్రెయిన్. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అందరూ ఒకే పని చేయరు కదా, ఇక్కడా అంతే, జీజీ మీద చేసిన స్టడీ ఇంకో రామ్నోసస్‌కి వర్తించదు. స్ట్రెయిన్ నంబర్ రాయని డబ్బా అంటే అందులో ఉన్నదాని మీద ఏ స్టడీ ఉందో వెతకడానికి కూడా వీల్లేని డబ్బా.

ఎస్పగాన్ 2023 లిస్టులో పిల్లల అక్యూట్ డయేరియాకి ఇవ్వొచ్చు అన్నవి ఇవి:

సాక్రోమైసిస్ బౌలార్డీ. ఇది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. 1920ల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆన్రీ బౌలార్ ఇండోచైనాలో కలరా వచ్చినప్పుడు అక్కడివాళ్లు లిచీ, మాంగోస్టీన్ తొక్కలు ఉడకబెట్టి తాగడం చూసి దాన్నుంచి వేరుచేశాడు. డోసు రోజుకి 250 నుంచి 750 మిల్లీగ్రాములు, 5 నుంచి 7 రోజులు. ఎక్కువ స్టడీలున్న స్ట్రెయిన్ సీఎన్‌సీఎం ఐ-745.

ల్యాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, ఏటీసీసీ 53103 అని కూడా రాస్తారు. గోర్బాక్, గోల్డిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే ఆ జీజీ. రోజుకి కనీసం వెయ్యి కోట్ల సీఎఫ్‌యూ (అంటే బతికున్న క్రిముల లెక్క), డబ్బా మీద 10 బిలియన్ అని ఉంటుంది, 5 నుంచి 7 రోజులు. అమెరికా ట్రయల్‌లో ఫెయిలైంది ఇదే, అయినా మిగతా స్టడీలన్నీ కలిపి చూసి లిస్టులో ఉంచారు.

ల్యాక్టోబాసిల్లస్ రియుటెరి డీఎస్‌ఎం 17938. రోజుకి 10 కోట్ల నుంచి 40 కోట్ల సీఎఫ్‌యూ, 5 రోజులు. ఇది చుక్కల రూపంలో కూడా దొరుకుతుంది కాబట్టి చిన్నపిల్లలకి ఇవ్వడం తేలిక.

వీటితో పాటు రామ్నోసస్ 19070-2, రియుటెరి డీఎస్‌ఎం 12246 కలిపిన మిశ్రమం ఒకటుంది, 5 రోజులు.

వద్దన్నవి కూడా చెప్పారు. కెనడా ట్రయల్‌లో వాడిన హెల్వెటికస్ ఆర్0052, రామ్నోసస్ ఆర్0011 మిశ్రమం ఒకటి. బాసిల్లస్ క్లాసీ నాలుగు స్ట్రెయిన్లు, ఓ/సీ, ఎన్/ఆర్, ఎస్ఐఎన్, టీ, ఇవి ఇంకొకటి. చిన్న ప్లాస్టిక్ వయల్లో నీళ్లలాగా ఉండేది చాలావరకు ఇదే, ఒక్కో వయల్లో 200 కోట్ల స్పోర్లు (గట్టి పెంకులో నిద్రపోతున్న బ్యాక్టీరియా) ఉంటాయి. వేడికి చావదు, రుచి ఉండదు, పిల్లలు గొడవ చేయకుండా తాగేస్తారు, అందుకే అంత పాపులర్. మీ డాక్టర్ ఇదే రాసి ఉంటే గొడవ పెట్టుకోమని చెప్పట్లేదు, దాని వెనక ఆధారం ఎంత ఉందో తెలిసి తీసుకోండి అంటున్నా, అంతే.

ల్యాక్టోబాసిల్లస్ పేర్లు 2020లో మారిపోయాయి, రామ్నోసస్‌ని ల్యాక్టికేసిబాసిల్లస్ అని, రియుటెరిని లిమోసిల్యాక్టోబాసిల్లస్ అని కొత్త డబ్బాల మీద చూస్తారు. కంగారేం లేదు, వెనక ఉన్న స్ట్రెయిన్ నంబర్ మారలేదు, అదే చూసుకోండి. ఇంకో మోసపోయే పేరు ల్యాక్టోబాసిల్లస్ స్పోరోజీన్స్, అది నిజానికి ల్యాక్టోబాసిల్లసే కాదు, బాసిల్లస్ కోయాగులన్స్, పాత తప్పు పేరుతో ఇంకా అమ్ముతున్నారు.

పది పన్నెండు రకాలు కలిపిన డబ్బా ఎక్కువ పనిచేస్తుంది అనుకోవడం తప్పు. ఆ కలయికని పిల్లల మోషన్స్ మీద పరీక్షించి ఉంటేనే దానికి విలువ, లేకపోతే అది మార్కెటింగ్. అలాగే సీఎఫ్‌యూ అంకె తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ దాకా ఉండేదా అన్నది చూడండి, ఎక్స్‌పైరీ దాకా హామీ ఇచ్చేదే మేలు.

పెరుగు సరిపోదా అని చాలామంది అడుగుతారు. పెరుగు మంచి తిండి, పిల్లాడు ఇష్టంగా తింటే పెట్టండి, కాకపోతే అందులో ఏ స్ట్రెయిన్ ఉంది, ఎంత ఉంది అన్నది తెలీదు కాబట్టి దాన్ని తిండి లెక్కలోనే వేయండి, మందు లెక్కలో వద్దు.

స్టెప్ 6: ఇచ్చే పద్ధతి

ఇవ్వాలనుకుంటే మొదటి రోజో రెండో రోజో మొదలుపెట్టండి. ఐదో రోజు, పిల్లాడు కోలుకుంటున్నప్పుడు మొదలుపెట్టడం డబ్బు దండగ.

కొనేటప్పుడే దాన్ని ఎక్కడ ఉంచాలో చదవండి, కొన్నిటిని ఫ్రిజ్‌లో పెట్టాలి, కొన్నిటికి 25 డిగ్రీల లోపు చాలు. ఎండలో నిలబెట్టిన కారులో సాచెట్లు మరిచిపోతే వాటిని నమ్మకండి. చేతులు సబ్బుతో కడుక్కుని, ఇచ్చే ముందే సాచెట్ చింపి, కొంచెం చల్లటి లేదా గోరువెచ్చని నీళ్లలోనో పాలల్లోనో కలపండి. వేడి పాలల్లో కలిపితే బతికున్నవన్నీ చచ్చి ఉత్త పొడి మిగులుతుంది. ఒకటి రెండు స్పూన్ల ద్రవంలోనే కలపండి, పాలసీసా నిండా కలిపితే పిల్లాడు సగం తాగి వదిలేస్తాడు, ఎంత డోసు పడిందో మీకు తెలీదు. కలిపాక అలా పెట్టేయకుండా వెంటనే ఇచ్చేయండి, చింపిన సాచెట్‌లో సగం మడిచి రేపటికి దాచకండి. ఓఆర్‌ఎస్ గ్లాసులో మాత్రం వేయకండి, దాని రుచి మారితే పిల్లాడు అసలుది తాగడం మానేస్తాడు.

యాంటీబయోటిక్ కూడా నడుస్తుంటే బ్యాక్టీరియా రకం ప్రోబయోటిక్‌కి దానికి మధ్య కనీసం రెండు గంటల గ్యాప్ ఉంచండి, లేకపోతే దీన్ని అది చంపేస్తుంది. బౌలార్డీ ఈస్ట్ కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని ఏమీ చేయదు, కానీ ఫంగస్ మందులు, ఫ్లూకోనజోల్ లాంటివి, వాడుతుంటే అది చచ్చిపోతుంది, అప్పుడు ఇవ్వడం దండగ.

యాంటీబయోటిక్ వల్ల మోషన్స్ రాకుండా ముందుజాగ్రత్తగా ప్రోబయోటిక్ ఇవ్వడం అన్నది వేరే సంగతి, అక్కడ దీని రికార్డు చాలా మెరుగ్గా ఉంది. 2019 కోక్రేన్ రివ్యూలో 33 స్టడీలు, 6352 మంది పిల్లలని చూస్తే ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్లలో 8 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 19 శాతం మందికి మోషన్స్ వచ్చాయి. చెవి ఇన్ఫెక్షన్‌కో ఇంకోదానికో యాంటీబయోటిక్ మొదలుపెట్టిన రోజే జీజీ గానీ బౌలార్డీ గానీ రోజుకి 500 కోట్ల సీఎఫ్‌యూ, అంతకన్నా ఎక్కువ, ఇస్తే ఉపయోగం ఉంటుంది. నిజం చెప్పాలంటే ప్రోబయోటిక్ మీద డబ్బు పెట్టడానికి ఇదే సరైన సందర్భం, జనం మాత్రం దీన్ని వదిలేసి మోషన్స్ మొదలయ్యాక ఇచ్చేదానికి పెడతారు.

స్టెప్ 7: ఎవరికి ఇవ్వకూడదు

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో సైడ్ ఎఫెక్ట్స్ చాలా తక్కువ, కొంచెం గ్యాస్, పొట్ట ఉబ్బరం, అంతే. కానీ ఇవి బతికున్న జీవులు అన్నది మర్చిపోకూడదు. నెలలు నిండకుండా పుట్టిన పాపాయిలు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలు, అవయవ మార్పిడి అయినవాళ్లు, మెడలోనో ఛాతీలోనో పెద్ద రక్తనాళంలోకి సెంట్రల్ లైన్ (మందులెక్కించే సన్నటి గొట్టం) ఉన్నవాళ్లు, పేగు ఆపరేషన్ అయి పేగు పొట్టిగా మిగిలినవాళ్లు, వీళ్లకి వాళ్ల స్పెషలిస్ట్ చెప్తే తప్ప ఇవ్వొద్దు. బౌలార్డీ రక్తంలోకి చేరి ఫంగస్ ఇన్ఫెక్షన్ అయిన కేసులు ఉన్నాయి, ముఖ్యంగా సెంట్రల్ లైన్ ఉన్న రోగుల్లో. సాచెట్‌ని లైన్ ఉన్న రోగి మంచం పక్కన చింపినా ఆ పొడి గాల్లోనో చేతులకో అంటుకుని లైన్‌లోకి వెళ్లగలదు, అందుకే ఆ గదిలో దాన్ని తెరవొద్దంటారు. నెలలు నిండని ఒక పాపాయి రక్తంలోకి ప్రోబయోటిక్‌లోని బ్యాక్టీరియానే చేరి చనిపోయాక 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆసుపత్రులకి గట్టి హెచ్చరిక పంపింది.

పాల ప్రోటీన్ అలర్జీ ఉన్న పిల్లలైతే డబ్బా మీద పదార్థాల లిస్టు పూర్తిగా చదవండి, కొన్ని ప్రోడక్టుల్లో పాల ప్రోటీన్ అవశేషాలు ఉంటాయి.

స్టెప్ 8: ఎప్పటిదాకా, ఎప్పుడు ఆపాలి

ఒక కాగితం మీద టైం, మోషన్, వాంతి, ఉచ్చ, తాగిన ఓఆర్‌ఎస్ రాస్తూ ఉండండి, ఫోన్‌లో నోట్ అయినా సరే. డాక్టర్ దగ్గరికెళ్తే "చాలా సార్లండి" అనడం కన్నా "రాత్రి పదినుంచి ఆరు సార్లు, ఉచ్చ ఒక్కసారి" అంటే ఆయన పని సగం అయిపోతుంది. ప్రోబయోటిక్ మొదలుపెట్టిన రెండు రోజులకి మోషన్స్ సంఖ్య కొంచెం తగ్గుముఖం పడితే మంచిదే, తగ్గకపోతే బ్రాండ్ మార్చడం, డోసు రెట్టింపు చేయడం, రెండు రకాలు కలిపి ఇవ్వడం వద్దు. అప్పుడు చూడాల్సింది స్టెప్ 2లో చెప్పిన లక్షణాలు వచ్చాయా అన్నది.

ఐదు నుంచి ఏడు రోజులకి ప్రోబయోటిక్ ఆపేయండి, ముందే తగ్గిపోతే ఇంకా ముందే ఆపినా ఏం కాదు, ఇది యాంటీబయోటిక్ కోర్సు లాంటిది కాదు. జింక్ మాత్రం మోషన్స్ ఆగినా చెప్పినన్ని రోజులు పూర్తి చేయండి, అందరూ మధ్యలో వదిలేసేది దాన్నే. తగ్గాక రెండు వారాల పాటు రోజుకి ఒక పూట తిండి ఎక్కువ పెడితే తగ్గిన బరువు తిరిగొస్తుంది. తగ్గాక పాలు తాగిన ప్రతిసారీ మళ్లీ పుల్లటి వాసనతో నీళ్లగా, పొట్ట ఉబ్బి, పిర్రలు ఎర్రగా ఒరుసుకుపోతుంటే అది కొన్నాళ్లపాటు పాలల్లోని ల్యాక్టోజ్ అనే చక్కెర అరగకపోవడం కావచ్చు, ఇన్ఫెక్షన్ మళ్లీ వచ్చిందనుకుని ఇంకో డబ్బా ప్రోబయోటిక్ తెచ్చేముందు డాక్టర్‌ని అడగండి, తల్లిపాలైతే ఎలాగూ ఆపక్కర్లేదు.

మిగిలిన సాచెట్లని ఎక్స్‌పైరీ, వేడి చూసుకుని ఉంచుకోవచ్చు, కానీ వాటితో పాటు అదే డబ్బాలో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కూడా పెట్టండి. ఇంట్లో ఇంకో పిల్లాడికి అంటకుండా ఉండాలంటే డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతోనే చేతులు కడగాలి, నోరోవైరస్ లాంటివాటికి శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. ఇంట్లో ఇంకా చిన్న బిడ్డ ఉంటే రోటావైరస్ వ్యాక్సిన్‌ని దాని వయసు పరిమితి దాటకముందే వేయించండి, మొదటి డోసు సాధారణంగా ఆరు వారాల వయసులో మొదలవుతుంది, పరిమితి దాటితే ఇక ఇవ్వరు.